ప్లాస్టిక్ పొడైతే పోయినట్టు కాదు

సముద్రంలోని ప్లాస్టిక్ గురించి ఒక సందేశం చాలాకాలంగా ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "సముద్రంలో పడ్డ ప్లాస్టిక్ ఎండకూ ఉప్పునీటికీ అరిగి కొన్నేళ్లలో కలిసిపోతుంది. మిగిలిన పొడి తేలుతూ వెళ్లి మహాసముద్రం మధ్యలో పోగవుతుంది, తీరానికి దానితో ఇబ్బంది లేదు. జీవులు మింగినా విసర్జించేస్తాయి. ప్లాస్టిక్ దేనితోనూ కలవదు కాబట్టి విషం కాదు. ఇప్పుడు మట్టిలో కలిసే సంచులు వచ్చాయి, సముద్రాన్ని ఊడ్చే యంత్రాలూ వచ్చాయి. ఇక బెంగెందుకు?"

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. చదివినవాళ్లు నమ్మేదీ అందుకే. ఒక్కో మాటా విడిగా తీసుకుని చూడాలి.

"ఎండకూ ఉప్పునీటికీ అరిగి కలిసిపోతుంది"

ఉప్పు పాలిథిన్‌ను ఏమీ చేయదు. దాన్ని దెబ్బతీసేవి ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్. ఆ రెండూ కలిసి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసుల్ని తెంపుతాయి. పైపొర పెళుసెక్కి, సన్నగా బీటలు వారి, అలల తాకిడికీ ఇసుక ఒరిపిడికీ పొరలు పొరలుగా రాలుతుంది. ఏళ్ల తరబడి ఎండలో పడివున్న ప్లాస్టిక్ బకెట్ అంచును వేలితో నొక్కి చూడండి. ఫట్‌మని విరుగుతుంది, వేలికి తెల్లటి పొడి అంటుకుంటుంది. తీరంలో జరిగేది సరిగ్గా అదే. ఆ పొడి కూడా ప్లాస్టిక్కే.

పైగా ఇదంతా ఒడ్డున ఇసుక మీద జరిగినంత త్వరగా నీటిలో జరగదు. ఇసుక మీద ముక్క వేడెక్కుతుంది, ఎండ నేరుగా తగులుతుంది. నీటిలో చల్లగా ఉంటుంది, మీద నాచు పట్టి ఎండను ఆపేస్తుంది. లోతుకు దిగితే వెలుతురే ఉండదు కాబట్టి అక్కడ అరుగుదల దాదాపు ఆగిపోతుంది. అందుకే ఒడ్డున పడివున్న సంచిని అది పెళుసెక్కకముందే ఏరెయ్యాలి. చేత్తో పట్టుకుంటేనే చిట్లిపోయే దశకు వచ్చాక ఏరడం మొదలుపెడితే, ఏరేదానికంటే పొడిగా రాలిపోయేదే ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రతి వైపూ 5 మిల్లీమీటర్లున్న ప్లాస్టిక్ ఘనాన్ని 0.1 మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే 1,25,000 ముక్కలవుతాయి. బరువు రవ్వంత కూడా తగ్గదు. పైతలం మాత్రం 150 చదరపు మిల్లీమీటర్ల నుంచి 7,500కు, అంటే 50 రెట్లు పెరుగుతుంది. మొదటి ముక్కను తాబేలు, పక్షి, పెద్ద చేప లాంటివే మింగగలవు. ఆ 1,25,000 ముక్కల్ని చేపపిల్ల నుంచి ఆల్చిప్ప దాకా అన్నీ మింగగలవు.

5 మిల్లీమీటర్ల లోపు ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. 2004లో బ్రిటన్ సముద్ర శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం తర్వాతే ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఓడలు దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో పట్టి దాచిన ప్లాంక్టన్ (నీటిలో తేలుతూ బతికే చిన్నచిన్న జీవులు) నమూనాలను వాళ్లు వెతికారు. 1960, 70 దశకాల నమూనాల కంటే 1980, 90 దశకాల వాటిలో ప్లాస్టిక్ గణనీయంగా ఎక్కువగా ఉంది. నీళ్లలో కలిసిపోయే వస్తువైతే ఇలా పెరుగుతూ పోదు.

"తేలుతూ వెళ్లి సముద్రం మధ్యలో పోగవుతుంది"

తేలుతుందా, మునుగుతుందా అన్నది సాంద్రత మీద ఉంటుంది. సముద్రపు నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.025 గ్రాములు. పాలిథిన్, పాలిప్రొపిలీన్ అంతకంటే తేలిక, అవి తేలతాయి. నైలాన్ సుమారు 1.14, నీళ్ల సీసాల పెట్ సుమారు 1.38, పీవీసీ కూడా దాదాపు అంతే. ఇవన్నీ మునుగుతాయి. తేలేవి కూడా ఎల్లకాలం తేలవు. వాటి మీద సూక్ష్మజీవుల జిగురు పొర, ఆపైన నాచు, గుల్లలు చేరి బరువెక్కగానే కిందికి దిగుతాయి.

2015లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 2010 ఒక్క ఏడాదిలోనే సముద్రానికి చేరిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 1.27 కోట్ల టన్నులు. 2014లో మరో బృందం సముద్రాలన్నిటి మీదా తేలుతున్నదాన్ని లెక్కగడితే వచ్చింది సుమారు 2.69 లక్షల టన్నులే, ముక్కల లెక్కలో 5.25 లక్షల కోట్లు. ఏటా వచ్చిపడేదాంతో పోలిస్తే పైన కనిపించేది పిసరంత. మిగతాది అడుగు బురదలో, ఒడ్డు ఇసుకలో, జీవుల కడుపుల్లో ఉంది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరు మహాసముద్ర అగాధాల నుంచి పట్టిన 90 ఆంఫిపాడ్‌లను (రొయ్యలను పోలిన చిన్న జీవులు) కోసి చూస్తే 72 శాతానికి పైగా వాటి పేగుల్లో కనీసం ఒక కృత్రిమ పోగో ముక్కో దొరికింది. మరియానా అగాధంలో దొరికిన ఒక కొత్త ఆంఫిపాడ్‌కు 2020లో యూరిథెనిస్ ప్లాస్టికస్ అని పేరుపెట్టారు. దాని కడుపులో పెట్ పోగు ఉంది మరి.

పసిఫిక్ మధ్యలో ప్లాస్టిక్ పేరుకునే ప్రాంతం ఉన్న మాట నిజమే. కానీ కాలు మోపగల దీవి లాంటిది అక్కడేమీ లేదు. 2018 లెక్కలో అక్కడి ముక్కల్లో 94 శాతం మైక్రోప్లాస్టిక్కే, బరువులో మాత్రం దాని వాటా 8 శాతం. బరువులో దాదాపు సగం చేపల వలలది.

తీరానికి ఇబ్బంది లేదన్న మాటే అన్నిటికంటే పెద్ద పొరపాటు. నది ముఖద్వారంలో, మడ అడవుల్లో, సముద్రపు గడ్డి మధ్య నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన చోట ఒండ్రుతో పాటు ప్లాస్టిక్ పొడీ దిగుతుంది. చాలా చేపలు, రొయ్యలు, పీతల పిల్లలు పెరిగేది కూడా అక్కడే.

అడుగు బురదలో తక్కువే దొరికింది అని ఎవరైనా చెబితే, ఏ ద్రావణంలో తేల్చారని అడగాలి. బురదను సంతృప్త ఉప్పునీటిలో కలిపి ప్లాస్టిక్‌ను తేల్చడం చవకైన పద్ధతి. కానీ ఆ నీటి సాంద్రత 1.2 దాటదు. పెట్, పీవీసీ అందులోనూ అడుగునే ఉండిపోతాయి, లెక్కలోకి రావు. జింక్ క్లోరైడ్ ద్రావణాన్ని 1.5కు పైగా చిక్కబరిచి వాడితేనే అవి పైకొస్తాయి. నీటి పైభాగాన్ని జల్లించే వలలదీ ఇదే లోపం. మామూలుగా వాడే మాంటా వల కన్ను 0.33 మిల్లీమీటర్లు. బట్టల పోగులు అడ్డంగా పడితే తప్ప అందులోంచి జారిపోతాయి.

"మింగినా విసర్జించేస్తాయి"

మింగిన ముక్కల్లో చాలా భాగం బయటికి వచ్చేస్తుంది, నిజమే. అంతమాత్రాన హాని లేదనడం తప్పు. నష్టం మూడు చోట్ల జరుగుతుంది.

మొదటిది ఆకలి. కోపెపాడ్ అనే బియ్యపుగింజంత కూడా లేని జీవి నాచుకణాలు తిని బతుకుతుంది, చేపపిల్లలు దాన్ని తిని బతుకుతాయి. 2015లో కలానస్ జాతి కోపెపాడ్‌ల నీటిలో 20 మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పాలిస్టైరిన్ ప్లాస్టిక్ పూసలు కలిపి చూశారు. అవి తిన్న నాచుకణాల సంఖ్య 11 శాతమే తగ్గింది, కానీ అందిన కార్బన్ 40 శాతం తగ్గింది. ఎందుకంటే పూసలంత ఉన్న పెద్ద కణాలను వదిలేసి చిన్నవాటికి మళ్లాయి. అలాగే కొనసాగితే గుడ్లు చిన్నవై, పొదిగేవి తగ్గాయి. ఇసుకలో బొరియలు చేసుకునే లగ్‌వార్మ్ కూడా అంతే. అవక్షేపంలో బరువులో 5 శాతం పీవీసీ కలిపితే దాని ఒంట్లోని శక్తినిల్వలు 50 శాతం దాకా పడిపోయాయి.

రెండోది సంతానం. 2016లో ఆయిస్టర్లను (ఇవీ ఒక రకం ఆల్చిప్పలే) రెండు నెలలు 2, 6 మైక్రోమీటర్ల పూసలున్న నీటిలో ఉంచారు. అండాలు 38 శాతం తగ్గాయి, శుక్రకణాల వేగం 23 శాతం తగ్గింది, పుట్టిన లార్వాలు 41 శాతం తగ్గాయి. జీర్ణానికీ శరీరం నిలబడడానికీ శక్తి ఖర్చయిపోతే, కోత పడేది పునరుత్పత్తి మీదే. చచ్చిన ఆయిస్టర్లను లెక్కపెట్టేవాళ్లకు ఈ నష్టం కనిపించదు.

మూడోది పేగు దాటడం. 2008లో మస్సెల్ ఆల్చిప్పలకు 3, 9.6 మైక్రోమీటర్ల రేణువుల్ని ఇచ్చి చూస్తే, మూడు రోజుల్లోనే అవి పేగు నుంచి రక్తప్రసరణలోకి వెళ్లాయి, 48 రోజులకు పైగా అక్కడే ఉన్నాయి. పేగు దాటినదాన్ని మలంతో విసర్జించడం అంత తేలిక కాదు.

మలంతో బయటికి వచ్చింది కూడా ఊరికే పోదు. కోపెపాడ్ మలపు గుళికలు బరువుగా కిందికి దిగుతూ కార్బన్‌ను లోతుకు చేరుస్తాయి. పాలిస్టైరిన్ కలిసిన గుళికలు తేలికై, రెండింతల కంటే నెమ్మదిగా దిగాయి. దారిలో వాటిని తినే జీవికి ఆ ప్లాస్టిక్ మళ్లీ చేరుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చాలా ప్రయోగాల్లో వాడిన మోతాదు ఇవాళ సముద్రంలో ఉన్నదానికంటే ఎక్కువ. వాడినవీ నున్నటి గుండ్రని పూసలు, సముద్రంలో ఉన్నవి పోగులు, పెచ్చులు. చేపపిల్లలు తిండి మాని ప్లాస్టిక్‌నే ఇష్టంగా తింటాయని 2016లో వచ్చిన వ్యాసాన్ని 2017లో పత్రికే ఉపసంహరించింది, ఇప్పటికీ దాన్ని పంచేవాళ్లున్నారు. బలమైన ఆధారాలుండగా అలాంటివి ఎత్తుకుంటే మన వాదనే పలచబడుతుంది. అయితే మోతాదు పెరుగుతూ పోతోంది. పోగులు పూసల కంటే పేగులో ఎక్కువసేపు చిక్కుకుంటాయి. ఈ రెండూ పై సందేశానికి అనుకూలమైనవి కావు.

"దేనితోనూ కలవదు కాబట్టి విషం కాదు"

పాలిమర్ వరకు, అంటే ఆ అణువుల గొలుసుల వరకు చూస్తే అది మొండి పదార్థమే. కానీ అమ్మే ప్లాస్టిక్‌లో మెత్తదనానికి, రంగుకు, ఎండను తట్టుకోవడానికి, మంట అంటుకోకుండా ఉండడానికి కలిపినవి ఉంటాయి. వాటిలో చాలావాటికి పాలిమర్‌తో రసాయన బంధం ఉండదు, నెమ్మదిగా ఊరి బయటికొస్తాయి. ముక్క ఎంత చిన్నదైతే పైతలం అంత ఎక్కువ, ఊరడం అంత వేగం. ఇందాకటి 50 రెట్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది.

టైర్ల అరుగుదల పొడి కూడా ఈ కోవలోదే. టైరు రబ్బరు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో వానపడగానే వాగుల్లోకి ఎదురెక్కిన కోహో సాల్మన్‌లు గుడ్లు పెట్టకముందే చచ్చిపోవడానికి కారణం ఇదేనని 2020 చివర్లో తేలింది.

ప్లాస్టిక్ నీటిలోని పీసీబీల్ని (ఒకప్పుడు పరిశ్రమల్లో వాడిన, త్వరగా నశించని విష రసాయనాలు) పీల్చుకుంటుందన్నది కూడా నిజమే. ముడి ప్లాస్టిక్ గుళికల మీద వాటి గాఢత చుట్టూ ఉన్న నీటికంటే పది లక్షల రెట్ల దాకా ఉన్నట్టు 2001లోనే చూపారు. కాకపోతే తినే ఆహారం ద్వారా కూడా అవే రసాయనాలు జీవులకు అందుతున్నాయి, చాలాచోట్ల ఆ దారిదే పెద్ద వాటా. కాబట్టి ప్లాస్టిక్‌పై వేయాల్సిన ప్రధాన నేరం లోపల కలిపిన రసాయనాలది.

"మట్టిలో కలిసే సంచులు వచ్చాయి"

మొక్కల పిండితో చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ లాంటివి విడిపోవాలంటే సుమారు 60 డిగ్రీల వేడి, తేమ, సూక్ష్మజీవులు ఉండే పారిశ్రామిక కంపోస్టు కావాలి. సముద్రపు అడుగున 4 డిగ్రీలు కూడా ఉండని చోట్లున్నాయి. 2019లో వచ్చిన పరిశీలనలో మూడేళ్లు సముద్రంలో ఉంచిన 'బయోడిగ్రేడబుల్' సంచి ఒకటి సరుకులు మోసేంత గట్టిగా బయటికొచ్చింది.

"ఊడ్చే యంత్రాలూ వచ్చాయి"

అవి వలల్నీ సీసాల్నీ తీస్తాయి. మంచిదే, పొడి అయ్యే సరుకు తగ్గుతుంది. పొడిని తీయాలంటే మాత్రం వల కన్ను ప్లాంక్టన్ కంటే సన్నగా ఉండాలి, అప్పుడు ప్లాస్టిక్‌తో పాటు ప్లాంక్టన్, చేపగుడ్లు కూడా పోతాయి.

కాబట్టి ఆపగలిగేది నీటిలో చేరకముందే. ఒక విడతలో 6 కిలోల యాక్రిలిక్ బట్టలు ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు రాలొచ్చని 2016లో లెక్కగట్టారు. మెషిన్ నిండుగా వేసి, చల్లటి నీటితో, తక్కువసేపు తిప్పితే రాపిడి తగ్గుతుంది. మెషిన్‌కు ఫిల్టర్ పెట్టినవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది: ఆ ఫిల్టర్‌ను కుళాయి కింద కడుగుతారు. పట్టిన పోగులన్నీ మళ్లీ డ్రైనేజీలోకే పోతాయి. దాన్ని ఆరబెట్టి, పీచును చేత్తో తీసి చెత్తబుట్టలో వేయాలి. మురుగు శుద్ధి కేంద్రం చాలా భాగం పట్టేస్తుందన్న ధీమా కూడా వద్దు. పట్టింది బురదలో చేరుతుంది, ఆ బురదను ఎరువుగా పొలాల్లో చల్లితే వాన నీరు మళ్లీ కాలువలోకి తెస్తుంది.

ఇక ప్లాస్టిక్ వస్తువులు చేయడానికి వాడే ముడిసరుకు గుళికలు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలిపోయినప్పుడు సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలయ్యాయి. అంత పెద్ద ప్రమాదం అరుదు, కానీ సంచులు చిరిగి, గొట్టం సరిగా బిగించక గోదాముల్లో రాలేవి రోజూ ఉంటాయి. గుళిక సైజు సాధారణంగా 2 నుంచి 5 మిల్లీమీటర్లు. నింపే చోట కింద పళ్లెం పెట్టి, రాలినవాటిని నీళ్లు కొట్టకుండా పొడిగా ఊడ్చి, వాననీటి కాలువ మూతి దగ్గర 1 మిల్లీమీటరు కన్నున్న జల్లెడ బిగిస్తే అవి గేటు దాటవు. జల్లెడను వాన రాకముందే శుభ్రం చేయాలి. నిండిన జల్లెడ మీదుగా నీరు పొర్లితే, అన్నాళ్లు పట్టినదంతా ఒక్క వానకే కొట్టుకుపోతుంది.