"వీని బుర్ర అంతే" అనే హక్కు ఎవరిచ్చారు సార్ మీకు?

ఇప్పుడే పేరెంట్స్ మీటింగ్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది, అన్నం కూడా తినకుండా రాస్తున్నా. అక్కకు పని ఉండి నన్ను పంపింది. పిల్లోడు పదో తరగతి. నా పక్కనే నిలబడి ఉన్నాడు. లెక్కల సారు పేపరు నా చేతిలో పెట్టి, వాడి ముఖం వైపు కూడా చూడకుండా అన్నాడు: "వీనికి మ్యాథ్స్ ఎక్కదు మేడం. కొంతమంది బుర్ర అంతే. పాసైతే చాలనుకోండి."

ఆ మాటకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ బాధ పెట్టింది ఇంకోటి ఉంది. వాడు తలూపాడు. తన గురించి ఇంత మాట అంటుంటే ఏడవలేదు, అలగలేదు, ఎదురు చెప్పలేదు. ఔను సార్ అన్నట్టు తలూపాడు. బయటికొచ్చాక ఏందిరా అట్ల తలూపితివి అంటే, "నిజమే గదా చిన్నమ్మా, నాకు రాదు గదా" అన్నాడు. ఇదే పిల్లోడు క్రికెట్లో మొదటి బంతికే అవుటైతే సాయంత్రం దాకా గోడకు బంతి కొట్టుకుంటూ ప్రాక్టీస్ చేసే రకం. అక్కడ ఎవ్వరూ వాడికి "నీ చేయి అంతే" అని చెప్పలేదు మరి.

ఆ పేపరు నాతో తెచ్చుకున్నా, ఇక్కడే టేబుల్ మీద ఉంది. ఒక్క లెక్క చెప్తా వినండి. వర్గ సమీకరణం. మధ్య పదం మైనస్ అయిదు ఎక్స్. దాన్ని మైనస్ ఏడు ఎక్స్, ప్లస్ రెండు ఎక్స్‌గా విడగొట్టాడు, కరెక్టు. కామన్ తీశాడు, కరెక్టు. రెండు బ్రాకెట్లూ కరెక్టుగా వచ్చాయి. చివరి లైన్లో జవాబు ఏడు, మైనస్ రెండు అని రాయాలి. ఏడు, రెండు అని రాశాడు. ఒక్క మైనస్ గుర్తు పోయింది. దానికి లెక్క మొత్తాన్ని పైనుంచి కిందికి ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా చుట్టారు. అంతవరకూ వేసిన స్టెప్పులకు ఒక్క మార్కు లేదు. "ఇక్కడ గుర్తు చూసుకో" అని పక్కన మూడు ముక్కలు రాయడానికి ఎంత ఇంకు అవుతుంది? ఆ మూడు ముక్కలు ఉంటే తను తప్పింది ఒక్క చోటే అని, వచ్చేసారి సరిచేసుకోవచ్చని పిల్లోడికి తెలిసేది. సున్నా చూస్తే వాడికి ఏం తెలుస్తుంది? నాకు రాదు అని తెలుస్తుంది. అదే నేర్చుకున్నాడు.

ఈ సార్లందరూ బీఈడీలో సైకాలజీ పేపరు రాసి పాసైన వాళ్ళే. సైకాలజీలో లోకస్ ఆఫ్ కంట్రోల్ అని ఒకటుంది, మన బతుకు పగ్గం ఎవరి చేతిలో ఉందనుకుంటాం అన్న సంగతి. జూలియన్ రోటర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1966లో రాసిన దాంతో అందరికీ తెలిసింది. తన జీవితంలో జరిగేది తను చేసే పనిని బట్టి ఉంటుందనుకునే వాళ్ళు ఒకవైపు, అదృష్టమో తలరాతో పెద్దోళ్ళో నడిపిస్తారనుకునే వాళ్ళు ఇంకోవైపు. చాలామంది ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటారు. పిల్లోడు ఎటువైపు జరుగుతాడన్నది పుట్టుకతోనే తేలిపోదు. ఇంట్లో, బడిలో, ఇదిగో ఇలాంటి మీటింగుల్లో జరుపుతారు.

కుక్కల ప్రయోగం కూడా చదివే ఉంటారు. సెలిగ్మన్, మేయర్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1967లో చేసింది. కొన్ని కుక్కలకు తలతో పలకను నొక్కితే షాకు ఆగేది. ఇంకొన్నిటికి ఏం చేసినా ఆగలేదు, అవతలి కుక్క నొక్కినప్పుడే ఆగేది. తర్వాత అన్నిటినీ చిన్న అడ్డు దూకితే షాకు తప్పే పెట్టెలో పెట్టారు. మొదటి రకం చకచకా దూకేశాయి. రెండో రకంలో చాలావరకు కూర్చున్న చోటే కూర్చుని షాకు తిన్నాయి. నోరులేని జీవాలకు షాకులివ్వడం నాకు ఎప్పటికీ నచ్చదు, అది వేరే సంగతి. కానీ వాళ్ళిద్దరే 2016లో మళ్ళీ రాసింది చూడండి: మా పాత సిద్ధాంతం తలకిందులైంది, అవి చేతకానితనం నేర్చుకోలేదు, ఆగకుండా బాధ పడుతుంటే చతికిలబడటం మెదడుకు మామూలే, అసలు నేర్చుకోవాల్సింది 'ఇది నా చేతిలో ఉంది' అన్న సంగతి అన్నారు. అంటే అది ఒకరు నేర్పితేనో, అనుభవంలోకి వస్తేనో వస్తుంది. బడి ఉన్నదే దానికి. మీరు నేర్పకపోతే పోయారు, ఉన్నది కూడా లాక్కుంటే ఎట్లా?

ఇంకోటి. కరోల్ డ్వెక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1975లో అచ్చు మా వాడి లాంటి పిల్లల్నే తీసుకుంది, 12 మందిని. ఒక్క లెక్క తప్పితే చాలు, చేతులెత్తేసే పిల్లలు. సగం మందికి అన్నీ సులభంగా వచ్చే లెక్కలే ఇచ్చి గెలిపించింది. మిగతా సగానికి మధ్యమధ్యలో కావాలనే తప్పేలా చేసి, తప్పినప్పుడల్లా "ఇంకా గట్టిగా ప్రయత్నించాల్సింది" అని చెప్పించింది. తర్వాత కష్టమైన లెక్కలు తగిలినప్పుడు, ఎప్పుడూ గెలిచిన పిల్లలు మళ్ళీ పడిపోయారు. ఓటమికి కారణం తమ చేతిలో ఉందని విన్న పిల్లలు నిలబడ్డారు. మార్కులు దానం చేయమని నేను సారును అడగడం లేదు. తప్పు ఎక్కడుందో చెప్పమని అడుగుతున్నా.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే మా పెద్దోళ్ళేమన్నారో తెలుసా? "పోనీలేమ్మా, మన రాతే అంత. అనంతపురంలో పుట్టినోళ్ళం, వానే మన చేతిలో లేదు, ఇంక సదువులొకటా." ఈ మాట వింటేనే నాకు అసలు పిచ్చెక్కుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే జిల్లా మనది, దేశంలోనే బాగా తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. నిజమే. వాన మన చేతిలో లేదు, అదీ నిజమే. అందుకని మా అబ్బ, అంటే మా తాత, చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? శెనక్కాయ చేన్లో కంది సాళ్ళు వేసేవాడు. వాన ముందే మొహం చాటేసి శెనక్కాయ పోయినా, కంది వేరు లోతుకు దిగి నిలబడుతుందని. ఎంత వేయాలి, ఏ సాలు వదలాలి, ఏ పదునులో విత్తాలి, ఇవన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. తర్వాత తరం చీనీ (బత్తాయి) చెట్లు పెట్టి, డ్రిప్పు పైపులు లాగి, ఏ చెట్టుకు ఎంత నీళ్ళు పోవాలో లెక్కేసి బతికింది. ఇంత బుర్ర పెట్టి బతికిన మనుషుల మనవడికి "బుర్ర అంతే" అని సర్టిఫికెట్టా? కరువు సీమ, కరువు సీమ అని బయటోళ్ళు అన్నారంటే అర్థముంది. మనమే మన పిల్లలకు చెప్తున్నాం, మీ బతుకు ఆకాశం చేతిలో ఉందని.

అట్లని స్టేజీ ఎక్కి "కష్టపడితే సాధించలేనిది లేదు" అని అరిచే వాళ్ళంటే కూడా నాకు పడదు. అదీ అబద్ధమే. ట్యూషన్ ఫీజు కట్టలేని ఇంట్లో పిల్లకి, ఎనిమిది మంది ఒకే గదిలో పడుకునే పిల్లోడికి పోయి అన్నీ నీ చేతిలోనే ఉన్నాయని చెప్తే, ఓడిపోయిన రోజు తప్పంతా తనదే అనుకుంటారు. ఏది చేతిలో ఉందో, ఏది లేదో విడగొట్టి చెప్పాలి. మైనస్ గుర్తు చేతిలో ఉంది. నాన్న జీతం చేతిలో లేదు. అంతే తేడా.

అసలు మన పిల్లల చేతిలో మనం ఏం మిగిల్చాం? పొద్దున ఏ టైముకు లేవాలి, ఏ సబ్జెక్టు ముందు చదవాలి, ఏ బెంచీలో కూర్చోవాలి, బాత్రూముకు ఎప్పుడు పోవాలి, అన్నీ స్టడీ అవర్ బెల్లే చెప్తుంది. సాయంత్రం లెక్కలు ముందు చేస్తావా, సోషల్ ముందు చదువుతావా అని అడిగే దిక్కు లేదు. ఒక్క నిర్ణయమూ తీసుకోనివ్వని పిల్లోణ్ణి పట్టుకుని "నీకు బాధ్యత లేదురా" అని తిడతాం.

నా సంగతే చెప్తా, ఇప్పటికీ కడుపు మండుతుంది. నా టెన్త్ రిజల్టు రాకముందే ఒక కాలేజీ పీఆర్వో మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. మా నాయన, పెద్దనాయన, పక్కింటి సారు. నలుగురూ నా గ్రూపు తేల్చేశారు. ఎంపీసీ. నాకు బోటనీ ఇష్టమని చెప్పబోతే పెద్దనాయన "నీకేం తెలుసు, నువ్వు కూర్చో" అన్నాడు. నేను కూర్చున్నా. రెండేళ్ళు ఆ క్లాసులో కూర్చున్నా కూడా, ఏ లెక్కా నాదనిపించలేదు. మార్కులు తక్కువొస్తే నాకు పెద్ద బాధ కూడా లేదు, ఆ గ్రూపు నేను ఎంచుకున్నది కాదు కదా. "ఆడపిల్లకు మ్యాథ్స్ ఎక్కదులే" అన్నది మళ్ళీ అదే పెద్దనాయన! ఎక్కించింది వాళ్ళు, ఎక్కలేదని తీర్పు చెప్పింది కూడా వాళ్ళే.

మొన్ననే అక్కకు కూడా అట్లాంటి ఫోనే వచ్చిందట, ఇంటికొచ్చి మాట్లాడతాం మేడం అని. రావద్దని చెప్పించా. ఎంపీసీనో, బైపీసీనో, సీఈసీనో, పాలిటెక్నిక్కో, వాడు పోయి చదువుతున్న పిల్లలతో మాట్లాడి వచ్చి చెప్తాడు. వాడికి తెలియనివి మేం చెప్తాం, ఫీజు ఎంత కట్టగలమో దాచకుండా చెప్తాం, చివరి మాట వాడిది. పెద్దనాయనకూ ఈ పోస్టు చేరుతుందని తెలుసు, చేరనీ. వాడు గ్రూపు చెప్పే రోజు మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని "వానికేం తెలుసు" అని ఎవరన్నా సరే, చేయి పట్టి లేపి బయటికి పంపేది నేనే.