మహారాజశ్రీ పాత మిడి కంట్రోలర్ గారికి

మహారాజశ్రీ పాత మిడి కంట్రోలర్ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది. మీరంటే స్వయంగా ఏ శబ్దమూ చేయక, ఏ కీ నొక్కారో, ఏ నాబ్ (గుండ్రటి మీట) ఎంత తిప్పారో మిడి అనే సంగీత పరికరాల భాషలో కంప్యూటర్‌కి చెప్పేవారు. ఇక్కడ కంప్యూటర్, మ్యూజిక్ సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్లు అందరమూ క్షేమం. మీ క్షేమ సమాచారాలు మాత్రం మీ వీపున ఉన్న మరలు విప్పితే గానీ తెలియలేదు.

నొచ్చుకోకండి, మీ పని అయిపోయిందని లోకం ఎప్పుడో తేల్చేసింది. యూఎస్‌బీ కేబుల్ తగిలించగానే తెర మీద 'గుర్తు తెలియని పరికరం' అని పడుతోంది. ఇన్నేళ్ల సర్వీసున్నవారికి ఇంతకంటే అవమానం ఉంటుందా? తప్పు మీదా అంటే కాదు. యూఎస్‌బీ మీద మిడి ఎలా నడవాలో 1999లోనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించిన పరికరాలను ఈ రోజుకీ ఏ కంప్యూటరైనా ఊరూ పేరూ అడక్కుండా లోపలికి రానిస్తుంది. మిమ్మల్ని కన్నవారికి అది నచ్చలేదు. సొంతంగా ఒక డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌కి పరిచయం చేసే ప్రోగ్రామ్) రాసుకున్నారు, అదీ పాత తరం 32 బిట్ల కంప్యూటర్లకే. తర్వాత కొత్త మోడల్ పుట్టింది, మీ డ్రైవర్ అనాథైంది. మీ నాబ్‌ల పనులు మార్చే ఎడిటర్ ప్రోగ్రామ్ గతీ అంతే. 2019లో యాపిల్ వారి మ్యాక్‌ఓఎస్ కాటలీనా వచ్చి 32 బిట్ల ప్రోగ్రాములన్నిటినీ గుమ్మం బయటే ఆపేసింది. చచ్చింది డ్రైవరూ, ఎడిటరూ. మరణ ధ్రువపత్రం మాత్రం మీ పేరు మీద రాశారు.

చిత్రమేమిటంటే, మీ వీపు మీద ఇంకో సాకెట్ ఉంది. గుండ్రంగా, ఐదు రంధ్రాలతో. అసలు మిడి సాకెట్ అదే. యూఎస్‌బీ కంటే ముసలిది, అయినా ఏ జబ్బూ లేదు. 1983 జనవరిలో నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను (ఎలక్ట్రానిక్ కీబోర్డులను) ఒక కేబుల్‌తో కలిపితే, ఒకదాని మీద వాయిస్తే రెండోది మోగిందట. పోటీ కంపెనీలు ఒక భాషకు ఒప్పుకోవడమనే ఆ వింతకు గాను సీక్వెన్షియల్ వారి డేవ్ స్మిత్‌కూ రోలాండ్ వారి ఇకుతారో కాకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ సాకెట్‌కి డ్రైవర్ అక్కర్లేదు. వేగం సెకనుకు 31,250 బిట్లు. ఈ రోజుల్లో నవ్వొచ్చే వేగమే, కానీ ఫలానా కీ నొక్కారని చెప్పడానికి దానికి పట్టేది సుమారు ఒక మిల్లీ సెకను. ఐదు పిన్నుల్లో రెండు పని చేస్తాయి, ఒకటి షీల్డు (కేబుల్ లోపలి రక్షణ తొడుగు) పట్టుకుని నిలబడుతుంది, మిగతా రెండూ ఏ ఆఫీసులోనైనా ఉన్నట్టే ఊరికే ఉంటాయి.

కాబట్టి ఒక యూఎస్‌బీ-మిడి కేబుల్ తెచ్చి ఆ దారినే మిమ్మల్ని పిలిచాం. దాని ఒక కొసకు 'ఇన్', ఇంకో కొసకు 'అవుట్' అని రాసి ఉంటుంది. 'ఇన్' కొసను మీ అవుట్‌లో పెట్టాలా, ఇన్‌లోనే పెట్టాలా అన్నది ఆ కేబుల్ చేసిన మహానుభావుడి మూడ్‌ని బట్టి ఉంటుంది. మార్చి చూడటమే, ఏదీ కాలిపోదు.

కాలిపోయేది కరెంటు దగ్గర. మీ తరంలో కొందరికి 9 వోల్టుల డీసీ కావాలి, కొందరికి 9 వోల్టుల ఏసీయే కావాలి. డీసీలో మళ్లీ ప్లస్ మధ్యలో ఉండాలా, చుట్టూ ఉండాలా అని రెండు శాఖలు. ప్లగ్ మాత్రం అన్నిటికీ భేషుగ్గా పడుతుంది. సాకెట్ పక్కన ఉన్న చిన్న బొమ్మ చూడకుండా అందిన అడాప్టర్ దూర్చేవాళ్ల కోసమే ఆ ఏర్పాటేమో.

మీ ఒంటి సంగతికి వస్తే, ఒకప్పుడు సుతిమెత్తగా ఉన్న ఆ రబ్బరు పూత ఇప్పుడు బంకై, ముట్టుకున్న వేలిని వదలనంటోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. గట్టిగా తుడిస్తే నాబ్‌ల కింది పేర్లూ పోతాయి. కీల కింద రెండేసి కాంటాక్టులు పెట్టుకుని, మొదటిదానికీ రెండోదానికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టి ఎంత గట్టిగా కొట్టారో లెక్క కడతారు మీరు. బాగానే ఉంది. వాటిలో దుమ్ము చేరాక మీ లెక్క తప్పింది. పువ్వులా తాకినా అన్నిటికంటే పెద్ద అంకె 127 అని అరుస్తున్నారు, లేదా అసలు పలకడం లేదు.

నాబ్‌ల దగ్గరైతే మీ చాదస్తం పరాకాష్ఠ. ఎవరూ తాకకుండానే 63, 64, 63, 64 అని జపం. సాఫ్ట్‌వేర్‌లో ఏ నాబ్‌కి ఏ పనో నేర్పే 'మిడి లర్న్' నొక్కి వేరే నాబ్ తిప్పితే, మధ్యలో ఈ జపం చేసేది దూరి ఆ పని తన పేర రాయించుకుంటుంది. కరెంటు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి చాలాసార్లు తిప్పితే చాలావరకు నోరు మూస్తుంది.

ఇక మీ చేత పని చేయించడం. మీ ఎడిటర్ పోయింది గనుక, మూడంకెల డిస్‌ప్లే ముందు కూర్చుని, షిఫ్ట్ పట్టుకుని, ఒక్కో నాబ్‌కూ సీసీ (కంట్రోల్ చేంజ్) నంబర్, అంటే తిప్పింది ఏదో చెప్పే గుర్తు, ఇవ్వాలి. లేదా ఆయా కంపెనీ పరికరాలకే అర్థమయ్యే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలు చేత్తో రాసి పంపాలి: ఎఫ్0 అనే బైట్‌తో మొదలు, తర్వాత కంపెనీ గుర్తు, చివర ఎఫ్7. ఒక్క బైట్ తప్పినా మీరు మౌనవ్రతం. అన్నీ సరిగ్గా ఉన్నా కూడా, చవక కేబుల్‌కి పొడుగు సందేశం మింగుడుపడక మధ్యలో కొన్ని బైట్లు జారవిడుస్తుంది. అప్పుడు నిదానంగా, సందేశానికీ సందేశానికీ మధ్య ఆగుతూ పంపాలి. పోనీ అంత కష్టపడి దాచిందంతా ఎక్కడుంటుందంటారా? మీలాంటి కొందరిలో ఒక బిళ్ల బ్యాటరీ దయ మీద ఉంటుంది. అది ఖాళీ అయిన రోజున మీకు మీరెవరో కూడా గుర్తుండదు.

అందుకే మీకు తెలివితేటలు నేర్పే ఆలోచన మానుకున్నాను. కోపం తెచ్చుకోకండి, ఇది మీ మంచికే. నాబ్‌లన్నీ ఒకే ఛానల్ మీద, వరుస నంబర్లతో, 0 నుంచి 127 దాకా పంపితే చాలు. ఏ నంబర్ ఫిల్టర్‌ని (శబ్దపు పదును మార్చేదాన్ని) తెరవాలి, ఏది రివర్బ్‌ని (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వనిని) పెంచాలి అన్న లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. దానికైతే బ్యాకప్ ఉంది.

మీలో చివర లేకుండా తిరిగే నాబ్‌లున్న శాఖ వారికి మాత్రం ఇంకో మాట. కుడికి ఒక్క మెట్టు తిప్పితే 65, ఎడమకైతే 63 అని మీలో కొందరు పంపుతారు; 64 అంటే కదలనట్టు. సాఫ్ట్‌వేర్‌లో మరో పద్ధతి పెట్టి ఉంటే, అది మీ 65ని మైనస్ 63గా చదువుకుంటుంది. శబ్దం పెంచబోతే పాతాళానికి పడుతుంది, తగ్గించబోతే చెవులు పగులుతాయి. ఈ గొడవకు మందు సెట్టింగ్స్‌లో ఒక్క వరుస. మామూలు నాబ్‌లకైతే 'పికప్' పెట్టుకోవాలి. మీరున్న చోటికీ సాఫ్ట్‌వేర్‌లో విలువ ఉన్న చోటికీ పొత్తు కుదిరేదాకా మీ మాట వినవద్దని దానికి చెప్పడమన్నమాట.

2020లో మిడి 2.0 వచ్చింది. మీ 128 మెట్ల చోట 32 బిట్ల విలువలు, కోట్ల మెట్లు. ఫిల్టర్‌ని మెల్లగా తెరిచేటప్పుడు మీ మెట్లు వినబడతాయన్న నింద అబద్ధమేమీ కాదు. అయితే వేలితో తిప్పేవాడు ఆ కోట్లలో ఎన్నిటి మీద ఆగగలడో ఇంకా ఎవరూ చెప్పలేదు. పైగా, ఆ కొత్తవాళ్లు కూడా ముందు అవతలివారికి 2.0 వచ్చో రాదో కనుక్కుని, రాకపోతే మీ పాత భాషలోనే మాట్లాడతారు.

ఇట్లు,
మీ నాలుగో నాబ్ జపం ఇంకా పూర్తిగా మాన్పించలేకపోయిన విధేయుడు

తా.క.: మిమ్మల్ని ఆన్ చేసేటప్పుడు స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ మీద కాలుంటే, తొక్కడమంటే వదలడమనీ వదలడమంటే తొక్కడమనీ రాసుకుని, ఆఫ్ చేసేదాకా అదే వాదిస్తున్నారు. ఈ విషయంలో మీ సమాధానం వెంటనే తెలియజేయగోరుతాను.