ఎల్‌కేజీకి దిగజారిన లెక్కల టీచరు

బెంగళూరు మారతహళ్లిలో మా వదిన ఇంటికి ఈ మధ్య పరామర్శలు సాగుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పదో తరగతికి లెక్కలు చెప్పే మనిషి, సెలవు పెట్టి, పూర్వ ప్రాథమిక విద్యలో ఎం.ఏ. చదవడానికి చేరింది. అంతే.

వచ్చినవారు బత్తాయిలు బల్ల మీద పెట్టి, కాసేపు ఫ్యాను వంక చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: "స్కూల్లో ఏమైనా గొడవ జరిగిందా అమ్మా?" లేదంటే నమ్మరు. "పోనీ, పదో తరగతికి మళ్లీ తీసుకుంటారా?" అని ఇంకొకరు. ఒక పెద్దమ్మగారైతే వదిన చెయ్యి పట్టుకుని, "ఇంత గణితం చదివి, చివరికి ముక్కులు తుడవడానికా తల్లీ" అని నిజంగానే కళ్లు ఒత్తుకున్నారు. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి, "ఏం చేస్తాం, రెండేళ్లే" అంటూ అందరినీ సాగనంపుతున్నాడు.

ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి మాత్రం సూటిగా అడిగారు: "ఏబీసీడీలు చెప్పడానికి ఎం.ఏ. ఎందుకమ్మా?" తర్కం గట్టిదే. మూడేళ్ల పిల్లకు ఏమీ తెలియదు. కనుక చెప్పేవారికీ ఏమీ తెలియనక్కరలేదు. పిల్ల ఎదిగే కొద్దీ టీచరూ చదువుకుంటూ పోవచ్చు.

ఆయన మనవడి బడి బోర్డు మీద మాంటిస్సోరీ పేరుంది. ఆ మహాతల్లి 1896లో వైద్య పట్టా పుచ్చుకుని కూడా, 1907లో రోములోని పేదల వాడలో పసివాళ్లకు బడి తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. పాపం, ఆమెకు నచ్చజెప్పడానికి అప్పట్లో ఈ పెద్దమనిషి లేకపోయారు.

అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. అక్కడ పసివాళ్లను సాకే ఆడవాళ్లకు నేటికీ దక్కేది గౌరవ వేతనమే. 2023 జనవరిలో వాళ్లు ఫ్రీడం పార్కులో ధర్నాకు కూర్చుంటే, ట్రాఫిక్‌కు అడ్డమని కారులోంచి విసుక్కున్నది ఎవరు? మనమే.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటలతో, ఇంటి భాషలో నేర్పమని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతోంది. ఈ మనవడికి ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడ, తరగతిలో ఇంగ్లీషు, చేతిలో నాలుగు గీతల కాపీ పుస్తకం. వాడు నోరు విప్పడం మానేశాడు. "మావాడు బుద్ధిమంతుడు, అల్లరే లేదు" అని తాతగారు మురిసిపోతున్నారు. బుద్ధి కాదండీ, భయం! లక్షల ఫీజు కట్టి మరీ మీరు కొనిపెట్టిన భయం. దాన్ని పోగొట్టడం నేర్చుకోవడానికి రెండేళ్లు చాలవు కూడా.