చచ్చి సాధించే బుడగ గారికి

మహారాజశ్రీ బుడగ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ ఇక్కడ కుశలం లేదు. నా డీజిల్ ఇంజిన్ విప్పేసి బల్ల మీద పరిచారు.

బతుకు నీటిబుడగ అని పెద్దలు చెబుతుంటే తలాడించినవాణ్ణే. ఆ బుడగే పోత ఇనుముకు చిల్లు పెడుతుందని మాత్రం ఏ పెద్దా చెప్పలేదు.

మెకానిక్ లైనర్‌ని, అంటే పిస్టన్ ఆడే ఇనుప గొట్టాన్ని, బయటికి లాగి చూపించాడు. లోపలివైపు నున్నగా మెరుస్తోంది. బయట, నీళ్లు తగిలేవైపు, పైనుంచి కిందికి ఒకే వరసలో గుంటలు. తుప్పేమోనని గీకితే గోరు అందులో ఇరుక్కుంది. లోపల టార్చ్ పెడితే ఒక గుంటలోంచి సూదిమొనంత వెలుగు. ఆ సందులోంచే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు, వెళ్లి ఆయిల్‌లో కలిసింది.

మీ జన్మరహస్యం కూడా అతనే విప్పాడు. లోపల మంట అంటుకున్నప్పుడల్లా పిస్టన్ లైనర్‌ని ఒక చెంప మీద కొడుతుంది. లైనర్ గంటలా వణుకుతుంది. గోడ చటుక్కున వెనక్కి జరిగితే నీళ్లు దాన్ని అందుకోలేవు. అక్కడ ఒత్తిడి పడిపోయి, నీళ్లు మరిగేంత వేడి లేకుండానే మీరు పుడతారు. గోడ తిరిగొచ్చేసరికి పోతారు. పోతూ పోతూ సూదిలాంటి నీటిధారతో ఇనుముని పొడిచి మరీ పోతారు. చచ్చి సాధించడం అని మేం ఇళ్లల్లో ఊరికే అనేసుకుంటాం కానీ, ఆ మాటకు అసలు హక్కుదారు మీరే. అప్పట్లో ఓడల ప్రొపెల్లర్లను కొరికారట కదా! 1917లో లార్డ్ రేలీ అంతటి భౌతిక శాస్త్రవేత్త కూర్చుని మీ చావుకు లెక్క కట్టాడు.

అయినా పిలిచి పీట వేసింది నేనే. రేడియేటర్‌లో మట్టం తగ్గినప్పుడల్లా "నీళ్లేగా" అంటూ కుళాయి నీళ్లు పోశాను. కూలెంట్‌లో నైట్రైట్ లాంటి మందు ఉంటుందట. అది లైనర్‌కి కంటికి కనపడని పొర కడుతుంది. మీరు చింపితే మళ్లీ కట్టుకుంటుంది. నేను పోసిన ప్రతి చెంబూ ఆ మందుని పలచన చేసింది. దానికి తోడు రేడియేటర్ మూత రబ్బరు చీలిపోయింది. మూత అంటే నీళ్లు చిందకుండా ఆపేదే అనుకున్నాను. లోపల ఒత్తిడి నిలబెట్టేది కూడా అదేనట. ఒత్తిడి ఒక్కో పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెరిగితే నీళ్లు మరిగే స్థాయి సుమారు 1.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, మీరు పుట్టడం అంత కష్టమవుతుంది.

కసికొద్దీ రెండు డబ్బాల మందు ఒకేసారి పోద్దామన్నాను. మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కువైతే జిగురులా పేరుకుని రేడియేటర్ గొట్టాలు మూసుకుపోతాయట. కాగితపు పట్టీ ముంచి, రంగు చూసి, తగ్గినంతే కలపాలట. ఇదేమన్నా షుగర్ టెస్టా అని నవ్వబోయి, బల్ల మీది లైనర్ చూసి మానేశాను.

అసలు పుట్టొద్దని మిమ్మల్ని కోరను. గోడకి దూరంగా, నీళ్ల మధ్యలో పుట్టి పోండి. అక్కడ ఎవరికీ నష్టం లేదు.

ఇట్లు,
చెంబు పక్కన పెట్టినవాడు

తా.క.: కొత్త మూత వేయించాను. పాతదాని రబ్బరు చూసి మెకానిక్ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.