మహారాజశ్రీ బోటు ర్యాంపు గారికి

ట్రైలర్ల మీద తెచ్చిన బోట్లని సరస్సులోకి దింపే కాంక్రీటు వాలు, మహారాజశ్రీ బోటు ర్యాంపు గారి సముఖమునకు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బోటు సంగతి చివర్లో చెప్తాను.

లేబర్ డే సెలవుల్లో శనివారం పులిహోర కట్టుకుని డాలస్ పక్కన ఫ్రిస్కోలో బయల్దేరి, ఏడున్నరకల్లా తమరి లైన్లో నిలబడ్డాం. డాలస్ జనమంతా మాకంటే ముందే లేచారు. ముందు పదమూడు ట్రైలర్లు. మా అత్తగారిది కోనసీమ. "కోటిపల్లి రేవులో పంటు కోసం కూడా ఇంతసేపు కూర్చోలేదు బాబూ" అన్నారు.

తమరికున్నవి రెండే దారులు. ఎడమ దారిలో ఒక మహానుభావుడు సరిగ్గా నీళ్ల అంచున ట్రక్ ఆపి, అప్పుడు మొదలుపెట్టాడు సంసారం సర్దడం. ఒక కూలర్. ఇంకో కూలర్. ట్యూబుకి గాలి కొట్టాడు. వీపుకి సన్‌స్క్రీన్ అందక భార్యని కేకేశాడు. కుక్కకి లైఫ్ జాకెట్ తొడిగి బకిల్ పెట్టబోతే అది కాస్తా నీళ్లలోకి దూకింది. ఇవన్నీ చేసుకోవడానికే కదండీ పైన గీతలు గీసి మరీ అంత చోటు వదిలారు? టికెట్ కౌంటర్ దాకా వచ్చాక సంచిలో చిల్లర వెతికేవాళ్లు సముద్రాలు దాటినా తప్పరా? నలభై నిమిషాలు! మనిషన్నాక కాస్త సిగ్గుండాలి. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే వాడి సొమ్మేం పోయింది?

ఇంజిన్ జోరుతో బోటుని ట్రైలర్ ఎక్కించే వీరుల పుణ్యాన తమరి కాంక్రీటు చివర పడ్డ గుంట గురించి అడగను. టాయిలెట్ గురించి అసలే అడగను.

మా వంతు వచ్చింది. దింపాం. తేలింది. ఉన్నట్టుండి మా అత్తగారు "బాబూ, కాళ్ల కింద నీళ్లు" అన్నారు.

జీబ్రా మస్సెల్స్ అనే చారల ఆల్చిప్పలు ఇంకో సరస్సుకి పాకకుండా, సరస్సు వదిలేటప్పుడు బోటులో నీళ్లన్నీ వంపేయాలని 2014 నుంచి టెక్సస్ అంతటా చట్టం. పోయినసారి బుద్ధిగా బోటు అడుగు కన్నానికి పెట్టే బిరడా, అదే డ్రెయిన్ ప్లగ్, తీసి వంపాను. ఆ ప్లగ్ ఇప్పుడు ట్రక్కులో, కప్ హోల్డర్లో ఉంది.

మళ్లీ ట్రైలర్ ఎక్కించి, పైకి లాగి, నీళ్లు కారేదాకా తమరి దారికి అడ్డంగా నేనే ఉన్నాను. వెనక హారన్లు. డాక్ మీద నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకున్నారు. ముక్కు మీద తెల్లగా సన్‌స్క్రీన్, పక్కన తడిసిన కుక్క.

"ఫస్ట్ టైమా?" అన్నాడు జాలిగా.

అవునన్నాను. మాకిది నాలుగో వేసవి. తమరు మాత్రం ఎవరికీ చెప్పకండి.