సవరణ: పళ్ల గార చూసి పిల్లి వయసు చెప్పొచ్చా?

‘దవడ పళ్లకు పసుపు గార ఉంటే ఆ వీధిపిల్లికి ఐదేళ్లు దాటినట్టే’ అన్న మునుపటి వాక్యాన్ని తీసేస్తున్నాం. పళ్లు వయసును నమ్మకంగా చెప్పేది మొదటి ఆరేడు నెలలే.

పిల్లికూన పైపెదవి మెల్లగా ఎత్తి చూడండి. చిన్న ముందు పళ్లు రెండు నుంచి నాలుగు వారాల మధ్య, సూదుల్లాంటి పాల కోరలు మూడు నాలుగు వారాలకు వస్తాయి. ఎనిమిది వారాలకల్లా పాలపళ్లు 26 ఉంటాయి. నాలుగో నెల దగ్గర ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తాయి, ఐదో నెల అటూ ఇటుగా కోరలు మారతాయి. పాత కోర పక్కనే కొత్తది కనిపిస్తే సుమారు ఐదు నెలలు. మొత్తం 30 శాశ్వత పళ్లు వచ్చేశాక పళ్ల లెక్కతో వయసు చెప్పలేం.

ఆ తర్వాత గార తిండిని, చిగుళ్ల జబ్బును బట్టి పేరుకుంటుంది. చిగుళ్లు వాచి ఎర్రబడ్డ రెండేళ్ల పిల్లి నోరు ముసలిదానిలా కనిపించవచ్చు. అందుకే కళ్లు కూడా చూడాలి: నల్లగుడ్డులో నీలిబూడిద మసక సాధారణంగా పదేళ్ల దరిదాపుల్లో మొదలవుతుంది. బరువును మాత్రం నమ్మొద్దు, అర్ధాకలితో ఉన్న పిల్లికూన వయసు తక్కువగా కనిపిస్తుంది. పెద్ద పిల్లి వివరాల కార్డు మీద వయసును ‘2–4 ఏళ్లు’ లాంటి అంచనాగా రాయించండి, ఒకే అంకె వద్దు.