పదిమందిలో పాము

కాలనీలో కొత్త రోడ్డు పడిన వారానికే దాన్ని తవ్వి పైపులు వేయడం హైదరాబాద్‌లో అందరూ చూసిందే. రోడ్డు వేసినవాళ్లు తమ పని తాము చేశారు. పైపులు వేసినవాళ్లూ చేశారు. రెండు పనులనూ కలిపి చూసే మనిషే లేడు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏఐ ఏజెంట్లకు, అంటే అప్పగించిన పనిని సొంతంగా అడుగులు వేస్తూ చేసే ఏఐ ప్రోగ్రాములకు, పనులు పంచుతున్న ఇంజినీర్ల ముందున్న చిక్కూ ఇదే.

అన్నీ ఒక్క ఏఐకే అప్పగించకుండా సమాచారం వెతకడానికి ఒకటి, కోడ్ రాయడానికి ఒకటి, తప్పులు పట్టడానికి ఇంకొకటి పెట్టి, వాటిపైన మేస్త్రీలా ఒక ప్రధాన ఏజెంట్‌ను ఉంచడం ఇప్పటి పద్ధతి. ఆలోచన మాత్రం పాతదే. పని ఉందని ఒక ప్రోగ్రాం ప్రకటిస్తే, చేయగలిగినవి ముందుకొచ్చి, తగినదానికి ఆ పని దక్కే 'కాంట్రాక్ట్ నెట్' విధానాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త రీడ్ స్మిత్ 1980లోనే వివరించారు. మన టెండర్ల లాంటిదే. వేర్వేరు కంపెనీల ఏజెంట్లు మాట్లాడుకోవడానికి గూగుల్ 2025 ఏప్రిల్‌లో ఏ2ఏ (ఏజెంట్ టు ఏజెంట్) అనే ఉమ్మడి నియమావళిని ప్రకటించింది.

అయినా పని చెప్పడం దగ్గరే బండి ఆగుతోంది. పలు ఏజెంట్లతో నడిచే తన పరిశోధన వ్యవస్థలో ఏం జరిగిందో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2025 జూన్‌లో దాచకుండా చెప్పింది. మొదట్లో ప్రధాన ఏజెంట్ 'సెమీకండక్టర్ల కొరత గురించి పరిశోధించు' అని ఒక్కముక్క చెప్పి కింది ఏజెంట్లను పంపేది. ఒకటేమో 2021 నాటి కార్ల చిప్‌ల సంక్షోభం తవ్వుకుంటూ పోయింది. మిగతా రెండూ 2025 సరఫరాల మీద ఒకటి చేసిన పనే రెండోదీ చేశాయి. చిన్న ప్రశ్నకు 50 ఏజెంట్లను దింపిన సందర్భాలూ ఉన్నాయట. మామూలు చాట్‌తో పోలిస్తే ఇలాంటి వ్యవస్థలు సుమారు 15 రెట్లు టోకెన్లు (ఏఐ చదివే, రాసే మాటల ముక్కలు; బిల్లు వీటి లెక్కనే) వాడతాయి కాబట్టి ప్రతి పొరపాటుకూ బిల్లు పడుతుంది. చివరికి దారిలో పెట్టింది చాలా మామూలు జాగ్రత్త: ఏం కావాలి, ఏ రూపంలో కావాలి, ఎక్కడ వెతకాలి, ఎంతవరకు వెళ్లి ఆగాలి అన్నది విడమరిచి చెప్పడం. అనుభవమున్న మేస్త్రీ 'గోడ కట్టు' అని వెళ్లిపోడు. ఎత్తెంత, కిటికీ ఎక్కడ, సిమెంటు పాళ్లు ఎంత అని చెప్పి, సాయంత్రం వచ్చి గుండు దారం పట్టి చూస్తాడు.

కంపెనీలు నష్టపోతే తంటాలు పడి సర్దుకుంటాయి. మా టెన్షన్ అంతా ప్రభుత్వ సేవల గురించే. తెలంగాణలో 2016 తర్వాత దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ తేల్చిందని తీసేశారంటూ నడిచిన కేసులో 2022లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ సరిచూడమని ఆదేశించింది. చూస్తే వేలమంది అర్హులు బయటపడ్డారు. బియ్యం ఆగిపోయిన తల్లి కౌంటర్ దగ్గరికి వెళ్తే 'సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా' అన్న జవాబే వస్తుంది. రేపు ఆ సిస్టమ్ వెనక ఒకదాని మాట ఇంకొకటి నమ్మే ఏజెంట్లు పది ఉంటే తప్పు ఎక్కడ మొదలైందో ఎవరు చెబుతారు? పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

తన చాట్‌బాట్ తప్పు సమాచారమిస్తే, అది వేరే అస్తిత్వమని, దాని మాటకు అదే బాధ్యురాలని వాదించిన విమాన సంస్థ ఎయిర్ కెనడాకు 2024లో అక్కడి ట్రైబ్యునల్ పరిహారం కట్టమని చెప్పింది. ఇక్కడా అదే న్యాయం ఉండాలి. ఏ ఏజెంట్‌కు ఏ పని, ఏ అధికారం ఇచ్చారో రాతపూర్వకంగా ఉండాలి. వెతకడానికి పెట్టినదానికి తొలగించే అనుమతి ఇవ్వకూడదు. పింఛను ఆపడం, కార్డు తీసేయడం వంటివి మనిషి చూసి సంతకం పెట్టాకే అమలవ్వాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి, కింద అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరుకు చేస్తే ఫోన్ ఎత్తాలి.